సేవ ఫొటోలకు కరిజ్మా ఆల్బమ్: పెళ్లి స్టూడియో చేతికిస్తే ఏమొస్తుంది?

తీర్పు ముందే చెప్పేస్తాం. విదేశంలో చేసిన సేవాపనిని ఇంట్లోవాళ్లకు చూపించాలంటే హన్మకొండ, వరంగల్ స్టూడియోల్లో కంప్యూటర్ మీద డిజైన్ చేసి, పేజీల మీదే ఫొటోలు ముద్రించి కట్టే కరిజ్మా ఆల్బమ్‌ను మించింది లేదు. ప్రింటుకు ఐదుకు నాలుగున్నర ఇవ్వొచ్చు. డిజైను మాత్రం వాళ్ల ఇష్టానికి వదిలేస్తే ఒకటిన్నరే ఎక్కువ.

మలావీలోనో దక్షిణ సూడాన్‌లోనో ఆరు నెలలు పనిచేసిన నర్సు, డాక్టరు, నీళ్ల ఇంజినీరు ఇంటికొచ్చేసరికి ఫోన్‌లో రెండు వేల ఫొటోలుంటాయి. పరకాల నుంచి, నర్సంపేట నుంచి చుట్టాలొస్తారు. ఫోన్ చేతులు మారుతుంది. మూడో మనిషి దగ్గరికి చేరేలోపు ఎవరి వేలో తగిలి ఫొటో జరిగిపోతుంది, మధ్యలో ఫోనొస్తుంది, చత్వారం ఉన్న అవ్వకు అద్దం మీది మెరుపు తప్ప ఏమీ కనబడదు. ఆల్బమ్ అయితే ఒళ్లో పెట్టుకుని ఒక్క పేజీనే పది నిమిషాలు చూస్తుంది. వేలు పెట్టి "ఈమె ఎవరు బిడ్డా" అని అడుగుతుంది. మనం అక్కడ ఏం చేశామో చెప్పే సందు ఆ ప్రశ్నతోనే దొరుకుతుంది.

సైజు విషయంలో దుకాణంలో మొదట వినిపించే మాట 12×36. అంటే తెరిచినప్పుడు ఒక షీటు 12 అంగుళాల ఎత్తు, 36 అంగుళాల వెడల్పు, మూస్తే 12×18. పెళ్లికి అది సరే. ఈ పనికి 10×24 చాలు, ముసలివాళ్లు మోయగలిగిన బరువులో ఉంటుంది. షీటు, పేజీ అనే రెండు మాటల దగ్గర తగాదాలు ఎక్కువ: ఇరవై షీట్లంటే నలభై పేజీలు. రసీదు మీద షీట్ల లెక్కే రాయించుకోవాలి. షీటు రేటు, ప్యాడ్ (అట్ట) రేటు, పెట్టె రేటు, డిజైన్ చార్జీ విడివిడిగా అడగాలి. "మొత్తం ప్యాకేజీ అన్నా" అంటే ఆ ప్యాకేజీలో ఏ కాగితమో తేలదు.

కాగితాల్లో గ్లాసీ వద్దు. ట్యూబ్‌లైటు కింద నలుగురు చుట్టూ కూర్చుని చూసేటప్పుడు ముగ్గురికి మెరుపే కనిపిస్తుంది, వానాకాలం తేమకు షీట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి. మ్యాట్ మంచిది. ఎన్‌టీఆర్ షీటు అని ఒకటి చూపిస్తారు. పేరు విని నవ్వు రావడం సహజమే, కానీ అది నాన్ టేరబుల్, అంటే చిరగనిది. పిల్లలు ఉన్న ఇంటికి అది నయం. అయితే లేజర్ మెషిన్ మీద కొట్టిన ప్రింటులో ముదురు రంగులు ముద్దగా మూసుకుపోయే అవకాశం ఎక్కువ. అందుకే నలుపు, గోధుమ రంగు ముఖాలు ఎక్కువున్న ఒక్క షీటును ముందు టెస్ట్ ప్రింట్ తీయించి, దాన్ని దుకాణం లైటు కింద కాకుండా బయట పగటి వెలుతురులో చూసి, అప్పుడు మిగతాదానికి ఒప్పుకోవాలి.

ఎప్పుడు ఇవ్వాలన్నదీ ముఖ్యమే. పెళ్లి ముహూర్తాలున్న నెలల్లో ఈ పని మూలన పడుతుంది, లేదంటే కొత్తగా చేరిన కుర్రాడి చేతికి పోతుంది. ఆషాఢం, మూఢం రోజులు చూసి వెళితే అసలు డిజైనరే పక్కన కూర్చోబెట్టుకుని చేస్తాడు. మేడారం జాతర ఏడాదైతే మాఘంలో ఆ చుట్టుపక్కల వారాలు వదిలేయడమే మేలు.

ఇక ఫైళ్లు. సగం ఆల్బమ్‌లు ఇక్కడే పాడవుతాయి. అక్కడి నుంచి ఇంటి గ్రూపులో వాట్సాప్ చేసిన ఫొటోలనే మళ్లీ స్టూడియోకు ఫార్వర్డ్ చేస్తారు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో పొడుగు వైపు సుమారు 1600 పిక్సెళ్లకు కుదించుకుపోతుంది. అంగుళానికి 200 చుక్కల చొప్పున లెక్కేసినా అది 8 అంగుళాలకు మించి సాగదు. డిజైనర్ దాన్ని 18 అంగుళాల పేజీకి లాగితే కళ్లు, పళ్లు పిండిబొమ్మలా అవుతాయి. అదే ఫొటో ఫోన్‌లో 12 మెగాపిక్సెల్‌ది అయితే దాదాపు 4000×3000 పిక్సెళ్లు ఉంటుంది, పేజీ నిండా వేసినా నిలుస్తుంది. కాబట్టి ఒరిజినల్స్ పెన్‌డ్రైవ్‌లో ఇవ్వాలి. తప్పక వాట్సాప్ చేయాల్సివస్తే డాక్యుమెంట్‌గా పంపాలి, అప్పుడు కుదింపు ఉండదు. ఐఫోన్ వాడేవాళ్లకు ఇంకో చిక్కు: హెచ్ఈఐసీ ఫైళ్లు స్టూడియోలోని పాత కంప్యూటర్లలో తెరుచుకోవు. జేపెగ్‌కు మార్చి ఇవ్వాలి, లేదా ప్రయాణానికి ముందే కెమెరా సెట్టింగుల్లో ఫార్మాట్స్‌కు వెళ్లి మోస్ట్ కంపాటిబుల్ పెట్టుకోవాలి.

రెండు వేల ఫొటోలు పెన్‌డ్రైవ్‌లో పోసి "మంచివి మీరే ఏరండి" అంటే పెళ్లి లెక్కలో ఏరతారు: మనిషి నవ్వుతున్నవి, కెమెరా వైపు చూస్తున్నవి. చేతులు, పనిముట్లు, వరసలు, దారులు పోతాయి. పన్నెండు షీట్లకు నలభై ఫొటోలు చాలు. షీటుకో ఫోల్డరు, దానికి 01, 02 అని నంబరు, లోపల మూడు నాలుగు ఫొటోలు. ఈ సర్దుడుకు ఇంట్లో ఒక పూట పడుతుంది, స్టూడియోలో వారం కలిసొస్తుంది.

డిజైన్ టేబుల్ దగ్గర మొదటి మాట ఇదే కావాలి: "అన్నా, రంగు ముట్టుకోకు." ఇక్కడి డిజైనర్ల చేతులు పెళ్లికూతుళ్ల ముఖాలకు అలవాటుపడ్డాయి. ఫొటో తెరవగానే ముఖాన్ని ఎంచుకుని తెల్లబరచడం, పోర్ట్రెచర్ లాంటి ప్లగిన్‌తో చర్మాన్ని నునుపు చేయడం అడగకుండానే జరిగిపోతాయి. అందులో దురుద్దేశం ఏమీ ఉండదు, అది వాళ్ల దృష్టిలో మర్యాద. కానీ మలావీ తల్లి ముఖం మన తాలూకా ఆఫీసు గోడలా వెలిసిన గోధుమరంగులోకి వస్తుంది. నునుపు చేసే ప్లగిన్ ఇంకా దారుణం. దక్షిణ సూడాన్‌లో నుయెర్ తెగ పెద్దవాళ్లలో చాలామంది మగవాళ్ల నుదుటి మీద ఈ చెవి నుంచి ఆ చెవిదాకా ఆరు గీతలుంటాయి. వాటిని గార్ అంటారు, కుర్రవాడు పెద్దవాడయ్యాడనడానికి గుర్తు. ప్లగిన్‌కు అవి ముడతల్లాగే కనిపిస్తాయి. ఒక్క క్లిక్కుతో ఆ మనిషి ఆనవాలు పోతుంది, మనకు తెలియను కూడా తెలియదు.

అలాగని అసలు ముట్టుకోకుండా ప్రింటుకు పంపినా నష్టమే. ఫోన్ తెర వెనక నుంచి వెలుగుతుంది, కాగితం వెలగదు. అందుకే ప్రింటు ఎప్పుడూ తెర మీదకన్నా ఒక పిసరు నల్లగా వస్తుంది. చెట్టు కింద, రేకుల షెడ్డులో తీసిన ముఖాల్లో కళ్లు కనిపించకుండా పోతాయి. చేయించాల్సింది నీడ భాగాల్లో వెలుతురు పెంచడం. ఫొటోషాప్‌లో షాడోస్/హైలైట్స్ అని ఉంటుంది, డిజైనర్‌కు తెలుసు. చర్మం రంగు మారకూడదు, కంటిపాప కనిపించాలి. ఈ తేడా నోటితో చెబితే అర్థం కాదు, ఒక ఫొటో మీద పక్కన కూర్చుని చేయించాలి. తర్వాత అదే కొలతలో మిగతావన్నీ చేసేస్తాడు.

రెండో మాట టెంప్లేట్ల గురించి. స్టూడియోల హార్డ్ డిస్కుల్లో ముందే చేసిపెట్టిన ఫొటోషాప్ డిజైన్లు, అంటే పీఎస్‌డీలు, పెళ్లికి, ఓణీల ఫంక్షన్‌కు, పిల్లల బర్త్‌డేకు చేసినవి. గులాబీలు, నెమలీకలు, గుండె ఆకారపు ఫ్రేములు, మూలన ఇంగ్లిషులో ఏదో ప్రేమ కవిత. ఆసుపత్రి వరసలో కూర్చున్న తల్లీబిడ్డను గుండె ఆకారంలో కత్తిరిస్తే పక్కన ఎవరున్నారో, ఆ వరస ఎంత పొడుగుందో కనిపించదు. తెల్ల నేపథ్యం, నలుచదరపు ఫొటోలు, కింద రెండు లైన్ల చోటు: ఇంతే అడగాలి. "సార్, ఖాళీగా కనబడుతది" అంటారు. కనబడనీయండి.

ఇంకో అలవాటు కూడా పెళ్లి నుంచే వస్తుంది. ప్రతి షీటుకూ ఒక హీరో ఉండాలి, వాడు మధ్యలో పెద్దగా ఉండాలి. సేవకు వెళ్లొచ్చిన మన మనిషి వరుడి స్థానంలోకి వచ్చేస్తాడు, చుట్టూ ఉన్న నల్ల పిల్లలు అక్షింతలైపోతారు. నిజమే, ఇంట్లోవాళ్లు మొదట వెతికేది తమ బిడ్డనే, "మా పిల్ల ఏది?" అన్న ప్రశ్నకు జవాబు లేకపోతే నాలుగో పేజీలో మూసేస్తారు. షీటుకు ఒక చిన్న ఫొటో చొప్పున, పనిచేస్తున్నప్పటిది, పెట్టిస్తే ఇద్దరికీ న్యాయం జరుగుతుంది. పెద్ద ఫొటో అక్కడి నర్సుది, అక్కడి మెకానిక్‌ది కావాలి. మనవాడు వచ్చేశాక కూడా ఆ పని నడిపేది వాళ్లే.

తెలుగు అక్షరాల దగ్గర జాగ్రత్త. మనం ఫోన్‌లో కొట్టి పంపేది యూనికోడ్. ఫొటోషాప్ టైప్ సెట్టింగుల్లో వరల్డ్ రెడీ లేఅవుట్ ఆన్ చేసి లేకపోతే అందులో ఒత్తులు విడిపోతాయి: "వైద్యం" కాస్తా "వైద్‌యం" అయి కూర్చుంటుంది. చాలాచోట్ల ఇంకా యూనికోడ్ కాని పాత అను ఫాంట్లతోనే పని. అందులోకి యూనికోడ్ నేరుగా అతికించలేరు, మొదటినుంచి మళ్లీ టైపు చేస్తారు. తప్పులు దొర్లేది అప్పుడే, ముఖ్యంగా ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు. ఫొటోల కింద వేసే వ్యాఖ్యలన్నీ షీటు నంబరుతో కాగితం మీద ప్రింట్ తీసి ఇవ్వాలి, ప్రూఫ్ వచ్చాక అదే కాగితం పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూడాలి. అక్షరం సైజు 18 పాయింట్లకు తగ్గనీయొద్దు, సన్నటి బంగారు రంగు అక్షరాలకు ఒప్పుకోవద్దు.

ఆ రెండు లైన్లలో ఏం రాయాలన్నది స్టూడియో పని కాకపోయినా, ఆల్బమ్ విలువంతా అక్కడే ఉంది. "ఆకలితో అలమటిస్తున్న ఆఫ్రికా చిన్నారులు" అని రాస్తే అవ్వ అయ్యో అంటుంది, పేజీ తిప్పేస్తుంది. ఆఫ్రికా అంటే 54 దేశాలు. ముందు దేశం పేరు, జిల్లా పేరు రాయాలి. తర్వాత, మన దగ్గర దానికి సాటి ఏముందో అది. మలావీలో రోజూ తినే న్సిమా ఫొటో కింద "మక్కపిండితో వండింది, మన మక్క గట్క లాంటిదే, ఇంకా గట్టిగా ఉంటుంది, చేత్తో ముద్ద చేసి కూరలో అద్దుకుంటారు" అని ఉంటే ఇంటిల్లిపాదీ ఆ పళ్లెంలోకి తొంగిచూస్తారు. దక్షిణ సూడాన్‌లో బోరు దగ్గర ఆడవాళ్లు నీళ్లు కొడుతున్న ఫొటోలో పంపు చాలాసార్లు ఇండియా మార్క్ 2 అయివుంటుంది. 1970లలో యూనిసెఫ్ తోడ్పాటుతో మన దేశంలోనే తయారై, అక్కడిదాకా వెళ్లిన పంపు అది. మన ఊళ్లలో బోరింగు అనేది దాన్నే. ఆ పిడిని దగ్గరగా తీసిన ఫొటో ఒకటి పెట్టి చూడండి, ఇంట్లో ఎవరో ఒకరు "ఇది మన బడి కాడిదే కదా" అంటారు.

బక్కచిక్కిన పసివాడి ఫొటో తప్పనిసరి అనుకుంటారు. అక్కర్లేదు. దాని బదులు పిల్లల్లో పోషకాహార లోపాన్ని పట్టిచ్చే జబ్బ చుట్టుకొలత టేపును పేజీ నిండా వేయించండి. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ పట్టీలున్న ఆ టేపును ఆరు నెలల నుంచి అయిదేళ్ల పిల్లల ఎడమ జబ్బకు, భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యలో చుడతారు. 115 మిల్లీమీటర్లకు తక్కువైతే ఎరుపు, అంటే వెంటనే వైద్యం. 125 దాటితే ఆకుపచ్చ. 115 మిల్లీమీటర్లంటే ఎంతో అర్థం కావాలంటే పక్కనే అదే కొలతకు ఒక గుండ్రని గీత గీయించాలి: అడ్డం దాదాపు 3.7 సెంటీమీటర్లు, రూపాయి బిళ్ల కన్నా ఒక సెంటీమీటరుకు పైనే ఎక్కువ. బిడ్డ ముఖం లేకుండానే సంగతి మొత్తం తెలుస్తుంది. పక్క ఫొటో అలా బాగా చిక్కిపోయిన పిల్లలకిచ్చే వేరుశనగ ముద్ద పొట్లానిది: 92 గ్రాములు, 500 క్యాలరీలు, పల్లీలు, పాలపొడి, చక్కెర, నూనె, విటమిన్లు, నీళ్లు కలపనక్కర్లేదు, కాచనక్కర్లేదు, పొట్లం మూల చింపి నేరుగా తినిపిస్తారు. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం తెలిసిన తల్లికి ఈ పేజీ క్షణంలో ఎక్కుతుంది. బాలామృతం ఇంటి తిండికి తోడు, ఇది జబ్బుకు మందు అన్న తేడా మాత్రం ఒక ముక్క రాయాలి.

ఫొటోలోని మనుషుల అనుమతి మాటెత్తితే "ఇంట్లో చూసుకునేదానికి ఎందుకు" అంటారు. ఇంట్లోనే ఉండదు కాబట్టి. బాగా వచ్చిన ఆల్బమ్‌ను స్టూడియో శాంపిల్‌గా కౌంటర్ మీద పెడుతుంది, షీట్లను ఇన్‌స్టాగ్రామ్‌లో పెడుతుంది. పెళ్లివాళ్లు దానికి మురిసిపోతారు. ఆసుపత్రి మంచం మీది రోగి సంగతి అది కాదు. ఆర్డరు రసీదు మీదే "శాంపిల్‌కు, ఆన్‌లైన్‌కు వాడరాదు, పని అయ్యాక ఫైళ్లు తీసేయాలి" అని రాయించి సంతకం పెట్టించాలి. చాలా సేవాసంస్థలకు ఫొటోల మీద సొంత నియమాలుంటాయి, పిల్లల ముఖాలు, పూర్తి పేర్లు, క్లినిక్ ఉన్న చోటు బయటపెట్టొద్దని. వాటిని ఆల్బమ్‌కూ వర్తింపజేయాలి. నార్వేకు చెందిన ఎస్ఏఐహెచ్ అనే విద్యార్థుల సంస్థ 2017లో స్వచ్ఛంద సేవకుల కోసం ఒక మార్గదర్శిక తెచ్చింది. అందులో తీసేవాడు తన ఉద్దేశాన్ని తానే ప్రశ్నించుకోమన్నది ఒక సూత్రం. హన్మకొండ చౌరస్తాలో రసీదు రాయించుకుంటున్నప్పుడు కూడా అది పనికొస్తుంది.

ప్రూఫ్ వాట్సాప్‌లో వస్తుంది. ఫోన్‌లో చూసి ఓకే అనొద్దు, దుకాణానికి వెళ్లి పెద్ద తెర మీద చూడాలి. షీటు మధ్యలో మడత గీత ముఖం మీదుగా పోతోందా? ముఖాలు ఆ గీతకు కనీసం అంగుళం దూరంలో ఉండాలి. అంచుల్లో అర అంగుళం కత్తెరకు పోతుందనుకుని అక్కడ అక్షరాలు లేకుండా చూడాలి. ఎడమచేతి వాటం వాళ్లు కనిపిస్తే అనుమానించండి, జాగా సర్దడానికి ఫొటోను అద్దంలోలా తిప్పేసి ఉండొచ్చు. వెనక గోడ మీది బోర్డు అక్షరాలు తిరగబడ్డాయేమో చూస్తే తెలిసిపోతుంది. చాలా స్టూడియోలు డిజైన్ ఇక్కడ చేసి ప్రింటుకు వేరే ల్యాబ్‌కు పంపుతాయి. అక్కడికి వెళ్లాక దిద్దుబాటు లేదు, ఉంటే ఆ షీటుకు మళ్లీ డబ్బే.

వీడియో కూడా చేసిస్తామంటారు. వద్దనక్కర్లేదు, సినిమా పాట మాత్రం వద్దనండి. ఎంపీ4, హెచ్.264, 1920×1080 అని అడిగితే ఇంట్లోని పాత టీవీలోనూ ఆడుతుంది. కొత్త ఫోన్ల హెచ్‌ఈవీసీ వీడియోలు పాత టీవీల్లో బొమ్మ లేకుండా శబ్దమే ఇస్తాయి. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు దానిలోకి ఎక్కదు. పది నిమిషాలకు మించకుండా చేయించుకుంటే ఈ గొడవే రాదు.

ఆల్బమ్ బాగా కుదిరితే చూసిన వాళ్లలో ఒక పెద్దనాయన "మనం కూడా ఏమన్నా ఇద్దామా" అంటాడు. అప్పుడు తెల్లముఖం వేయకుండా ఈ నాలుగు ముక్కలు తెలిసుండాలి. ఇక్కడి నుంచి బయటి సంస్థకు పంపడం వ్యక్తులు విదేశాలకు డబ్బు పంపే రిజర్వ్ బ్యాంకు పథకమైన ఎల్‌ఆర్‌ఎస్ కిందికి వస్తుంది; మనిషికి ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల వరకు పంపొచ్చు. బ్యాంకులో పాన్ కార్డు, ఏ2 ఫారం, విదేశీ ధర్మసంస్థకు విరాళం అనే పర్పస్ కోడ్ ఎస్1303 అడుగుతారు. ఆ విరాళానికి ఆదాయపు పన్ను మినహాయింపు రాదు. సంస్థకు భారతదేశంలో నమోదైన శాఖ, విరాళాల మీద పన్ను మినహాయింపు అనుమతి ఉంటే దానికివ్వడమే తేలిక.

చివరగా మినీ బుక్. పెద్ద ఆల్బమ్‌తోపాటు అరచేయంత చిన్న నకలు చాలా స్టూడియోలు ఉచితంగానో కొద్ది డబ్బుకో ఇస్తాయి, కానీ అడిగితేనే. రెండు తీసుకోండి. ఒకదాని ప్రూఫ్‌లో తెలుగు లైన్ల కింద ఇంగ్లిషు కూడా వేయించి, తర్వాత అటు వెళ్లేవాళ్ల సంచిలో పంపండి. చిన్న సైజులో 18 పాయింట్ల అక్షరం చదవలేనంత సన్నబడుతుంది కాబట్టి ఆ నకలుకు అక్షరాలు విడిగా పెద్దవి చేయించాలి; కుదించి ప్రింట్ కొట్టేస్తే కుదరదు. దీనికి డిజైనర్ గునుస్తాడు, అదనంగా ఎంతోకొంత అడుగుతాడు. ఇచ్చేయండి. ఆ పుస్తకం తెరిచేది ఫొటోలో ఉన్న నర్సమ్మే.